ఆట వెనుక నాటకం: ‘సూపర్ మారియో బ్రదర్స్ 3’ గూర్చిన ఒక వాదంపై పరిశీలన

పిల్లల వినోదానికి తయారైన ఒక వీడియో ఆటను గూర్చి తెలుగు పీఠం సంచికలో వ్యాసమేమిటని పాఠకులలో కొందరికి అనిపించవచ్చు. మాకూ మొదట అలాగే అనిపించింది. తరగతిలో ధ్వని సిద్ధాంతం పాఠం జరుగుతుండగా, పైకి చెప్పిన అర్థం వెనుక చెప్పని అర్థం ఒకటి ఎలా నిలుస్తుందో ఉదాహరణ ఇమ్మంటే, విద్యార్థులు ప్రబంధ పద్యాల జోలికి పోలేదు. ‘సూపర్ మారియో బ్రదర్స్ 3’ అనే జపాను ఆటను మా ముందు పెట్టారు. ఆ ఆటలో మనం చూసేది నిజంగా జరిగిన సాహసం కాదనీ, రంగస్థలం మీద ప్రదర్శిస్తున్న నాటకమనీ వారి వాదం. ఇది వారు కనిపెట్టిన వాదం కాదు. ఆ ఆటను ప్రేమించేవారు అనేక దేశాలలో చాలాకాలంగా చెప్పుకుంటున్నదే. అయితే వారు దానిని సమర్థించిన తీరు చూశాక, ఇందులో సాహిత్య విమర్శకు పనికివచ్చే ప్రశ్నలు ఉన్నాయని మాకు తోచింది. ఒక కృతిలో దాగిన కథ ఉన్నదని ఎప్పుడు ఒప్పుకోవాలి? ఎప్పుడు కాదనాలి? కర్త స్వయంగా అవునంటే చర్చ ముగిసినట్లేనా? ఈ మూడు ప్రశ్నలను ఇక్కడ పరిశీలించదలచాము.

వాదానికి ఉన్న ఆధారాలు

ఆట తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. దీనిని నింటెండో సంస్థ 1988 అక్టోబరులో జపానులోనూ, 1990లో అమెరికాలోనూ విడుదల చేసింది. షిగెరు మియమోటో, తకాషి తెజుకా దర్శకులు. సంగీతం కోజి కొండో సమకూర్చారు. కథ చాలా చిన్నది. బౌసర్ అనే తాబేటి జాతి రాజు పక్షాన ఏడుగురు కూపాలింగులు ఏడు రాజ్యాల మీద పడి, రాజుల మంత్రదండాలు అపహరించి, ఆ రాజులను వింత జీవులుగా మార్చివేస్తారు. మారియో, లుయీజీ అనే అన్నదమ్ములు ఆ దండాలను ఒక్కొక్కటిగా తిరిగి తెచ్చి, చివరకు ఎనిమిదో లోకంలో బౌసర్‌ను ఓడించి యువరాణిని విడిపిస్తారు. పైకి ఉన్న కథ ఇంతే. ఇందులో నాటకమన్న మాట ఎక్కడా లేదు.

కాని కళ్లు తెరిచి చూస్తే ఆట మొదలు కావడమే తెర లేవడంతో మొదలవుతుంది. ఎర్రటి తెర పైకి పోగా, గళ్ల నేల మీద అన్నదమ్ములిద్దరూ కనిపిస్తారు. ఆట లోపలికి వెళితే వెనుకనున్న రంగురంగుల పెద్ద పలకలకు మూలల్లో మరలు బిగించి ఉంటాయి. వాటి నీడ వెనుకనున్న ఆకాశం మీద పడుతుంది. నిజమైన ఆకాశం మీద దేని నీడా పడదు. నీడ పడిందంటే అది గుడ్డ మీదనో చెక్క మీదనో వేసిన ఆకాశమై ఉండాలి. చాలా ఘట్టాల చివర వెలుతురు ఉన్న ప్రదేశం ఒక గీత గీసినట్లు ఆగిపోతుంది. అవతల నల్లటి చోటు. మారియో అందులోకి పరుగెత్తిపోతాడు, పాత్ర ముగించుకొని పక్కకు తప్పుకునే నటుడిలాగా.

అన్నిటికంటె బలమైన ఆధారం మరొకటి ఉన్నది. కొన్ని తెల్లని పలకల మీద మారియోను కొద్ది క్షణాలు వంగి కూర్చోబెడితే, అతడు జారి దృశ్యాల వెనుకకు పడతాడు. అప్పుడు పొదలు, పలకలు మన కంటికి ముందుగా, మారియో వాటి వెనుకగా నడుస్తాడు. మొదటి లోకం మూడో ఘట్టంలో ఇలా వెనుకనే నడుస్తూ చివరి నల్లని చోటు వెనుకకు కూడా పోగలిగితే, ఒక రహస్యపు గదిలో దూరలోకాలకు చేర్చే ఈల దొరుకుతుంది. తెర వెనుకకు పోయినవాడికి కథలోని సగం దూరం తప్పించుకునే సాధనం దొరకడమంటే, ఆటను కట్టినవారు రంగస్థలాన్ని అలంకారంగా మాత్రమే వాడుకోలేదని గ్రహించవచ్చు.

దాగినది కథా, రూపమా?

ఇక్కడ మేము విద్యార్థులతో ఒక విషయంలో విభేదించాము. వారు దీనిని దాగిన కథ అన్నారు. మా దృష్టిలో ఇది దాగిన కథ కాదు, దాగిన రూపం. తెర, మరలు, నీడలు మనకు చెప్పేది ‘ఇది ప్రదర్శన’ అని మాత్రమే. నటులెవరు, ప్రేక్షకులెవరు, ఎవరు ఆడిస్తున్నారు అన్నవి అవి చెప్పవు. అభిమానులు ఇంకా ముందుకు పోయి, మారియో, బౌసర్ నిజ జీవితంలో స్నేహితులనీ, అందుకే 1992లో వచ్చిన ‘సూపర్ మారియో కార్ట్’లో ఇద్దరూ ఒకే పందెంలో బళ్లు నడుపుతారనీ అంటారు. ఇది ముచ్చటైన ఊహ. మియమోటో కూడా 2012లో ఒక పత్రికతో మాట్లాడుతూ, పాత పొపాయ్ బొమ్మల కథలలో లాగా తమ పాత్రలు కూడా ఒక నటబృందం వంటివనీ, ఆటనుబట్టి వేరువేరు వేషాలు వేస్తాయనీ వివరించారు. కాని ఆ మాట ఆటలన్నిటికీ సంబంధించిన వైఖరి. ఈ ఒక్క ఆటలోని మరలకూ నీడలకూ అది వ్యాఖ్యానం కాదు. రెండింటినీ కలిపి ముడివేయడం తొందరపాటు.

ఈ సందర్భంలో మన భాషలోని ఒక మాటను గుర్తు చేయాలి. తెలుగులో ‘ఆట’ అంటే గెలుపు ఓటములున్న క్రీడ, ప్రదర్శన కూడా. తోలుబొమ్మలాట అంటాం, వీధి భాగవతం ‘ఆడారు’ అంటాం, సినిమాకు ‘మొదటి ఆట, రెండో ఆట’ అంటాం. గోళీలూ ఆడతాం, హరిశ్చంద్రా ఆడతాం. ‘ఈ ఆట నిజానికి ఒక ఆట’ అంటే తెలుగువాడికి పునరుక్తిలా వినిపిస్తుంది. మన విద్యార్థులు ఈ వాదానికి అంత సులభంగా ఆకర్షితులు కావడానికి మాట కూడా కొంత కారణమేమో. అయితే మాట కలిసినంత మాత్రాన వాదం రుజువు కాదు. రుజువు కోసం మళ్లీ ఆ మరల దగ్గరికే పోవాలి.

పోల్చదగిన మరో వాదం

ఒక వాదం బలం తెలియాలంటే దానిని మరో వాదం పక్కన నిలబెట్టి చూడాలి. 1985లో వచ్చిన తొలి ‘సూపర్ మారియో బ్రదర్స్’ గూర్చి కూడా ఒక రహస్య కథ ప్రచారంలో ఉన్నది. ఆ ఆటతో ఇచ్చిన చిన్న పుస్తకంలో, తాబేళ్ల జాతి చేసిన మాయ వలన శాంతస్వభావులైన పుట్టగొడుగు రాజ్యపు ప్రజలు రాళ్లుగా, ఇటుకలుగా, మొక్కలుగా మారిపోయారని ఉన్నది. ఆటలో మారియో తలకు తగిలిన ఇటుకలను పగలగొడుతూ పోతాడు. పగిలిన ఒక్కొక్క ఇటుకకు 50 మార్కులు. అంటే తాను కాపాడవలసిన ప్రజలనే అతడు చంపుతున్నాడని ఈ వాదం.

వినగానే ఒళ్లు జలదరించే మాట ఇది. నాటకం వాదానికి లేని అక్షర ప్రమాణం కూడా దీనికి ఉన్నది. సాక్షాత్తు పుస్తకంలోనే అచ్చయి ఉన్నది కదా. అయినా మేము దీనిని అంగీకరించలేము. కారణాలు మూడు.

ఒకటి, కొందరు ప్రజలు ఇటుకలయ్యారంటే ప్రతి ఇటుకా ఒక మనిషి అని అర్థం కాదు. తర్కశాస్త్రంలో దీనినే వ్యాప్తి లోపించడమంటారు. పొగ ఉన్న చోట నిప్పు ఉన్నదనవచ్చును గాని, నిప్పు ఉన్న ప్రతి చోటా పొగ ఉన్నదనడం కుదరదు. రెండు, అదే పుస్తకం మరో చోట, ఇటుకలుగా మారినవారు మారియోకు ఎదురైతే అతనికి బలాన్ని బహుమానంగా ఇస్తారని చెబుతుంది. పుట్టగొడుగు ఇచ్చే పలక పగలదు. ఇచ్చి, తన చోటనే ఉంటుంది. అహల్య కథ తెలిసిన మనకు, రాయిలో ఉన్న ప్రాణి మేలు చేయడం కొత్త సంగతి కాదు. ఒక వాక్యం తీసుకొని దాని తోడి వాక్యాన్ని వదిలివేయడం పాఠకధర్మం కాదు. మూడు, ఆ ఆటలో చావు శాశ్వతం కాదు. మారియో మూడు ప్రాణాలతో బయలుదేరుతాడు; పోయినవాడు మళ్లీ లేస్తాడు, పగిలిన ఇటుకలు మళ్లీ చోటు చేసుకుంటాయి. ఆటలో అందరి చావునూ తాత్కాలికంగా తీసుకొని, ఇటుకల చావును మాత్రమే నిజమైన హత్యగా లెక్కించడానికి ఆధారం లేదు.

ఇంతకంటె ముఖ్యమైన అభ్యంతరం రసానికి సంబంధించింది. అనౌచిత్యాన్ని మించి రసభంగానికి కారణం లేదని ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’లో నిర్ణయించాడు. ఆ ఆట అడుగడుగునా హాస్యాన్నీ అద్భుతాన్నీ పోషిస్తుంది. నడక, సంగీతం, తాబేళ్లు గుండ్రంగా జారిపోవడం, అన్నీ ఆ దిశకే. ఇటుకల వాదాన్ని నమ్మినవాడు వీటన్నిటినీ బీభత్సంగా మార్చి చూడాలి. ఒక్క వాక్యం కోసం తక్కిన కృతినంతా తలకిందులు చేసే వ్యాఖ్యానం, కృతి మీద కోపంతోనో విసుగుతోనో చేసినదై ఉంటుంది గాని దాన్ని చదివి చేసినది కాదు.

నాటకం వాదం అలా కాదు. దానిని ఒప్పుకుంటే ఆటలో ఏదీ తలకిందులు కాదు. ఆకాశం మీది నీడకు అర్థం దొరుకుతుంది. మారియో తోక పెట్టుకొని ఎగరడం, కప్ప వేషం వేసుకొని ఈదడం వేషధారణలుగా కనిపిస్తాయి. హాస్యం ఇంకా పెరుగుతుంది. ఇంగ్లీషు రూపంలో ఆట ముగిసేటప్పుడు, విడుదలైన యువరాణి తొలి ఆటలో చివరిది తప్ప తక్కిన కోటలన్నిటిలోనూ వినిపించిన నిరాశ వార్తనే మళ్లీ చెప్పి, వెంటనే అది పరిహాసమని నవ్వుతుంది. తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా కథ నుంచి పక్కకు తిరిగి ప్రేక్షకులతో వేళాకోళమాడడం చూసినవారికి ఈ ధోరణి కొత్తగా ఉండదు.

పరీక్షకు మూడు కొలతలు

పై పోలిక నుంచి మేము మూడు కొలతలు తీసుకుంటున్నాము. మొదటిది, ఆధారం. మెదకు ప్రాంతపు కొలచాలానికి చెందిన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిదాన్ని రాయననీ, అవసరం లేనిదాన్ని చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. మొదటి సగం ఇటుకల వాదానికీ వర్తిస్తుంది. రెండో సగం దగ్గర అది తప్పిపోతుంది. రెండో కొలత, సమగ్రత. పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో రామాయణ భారత కథలు రెండూ ఒకే పద్యాలలో నడుస్తాయి. రెండో కథ ఒక పద్యంలో వెలిగి తక్కిన పద్యాలలో ఆరిపోతే దానిని ద్వ్యర్థి కావ్యమనము. దాగిన అర్థం ఉన్నదనేవారు అది ఎంత మేరకు నిలుస్తుందో చూపాలి. మూడోది, ఇంతకుముందే చెప్పిన ఔచిత్యం.

ఈ కొలతలతో చూసినా నాటకం వాదం పూర్తిగా నిర్దోషి కాదని ఒప్పుకోవాలి. ఘట్టాల మధ్య వచ్చే పటం, నాటకం కంటె పచ్చీసు వంటి గడుల ఆటకే దగ్గరగా ఉంటుంది. నీళ్లలో ఈదే ఘట్టాలలో రంగస్థలపు గుర్తులు పలచబడతాయి. పలకల నీడలకు లౌకిక ప్రయోజనం కూడా ఉన్నది; ఏది ముందున్నదో ఏది వెనుకనున్నదో ఆటగాడికి వెంటనే తెలియడానికి అవి సాయపడతాయి. కాని ప్రయోజనం ఉన్నంత మాత్రాన అర్థం లేకుండా పోదు. సురభివారి ‘మాయాబజార్’లో పాత్రను గాలిలోకి లేపే తీగకు ప్రయోజనమూ ఉన్నది, ప్రేక్షకుడికి అది కలిగించే ఆశ్చర్యమూ ఉన్నది.

కర్త తల ఊపడం

2015లో, తొలి మారియో ఆట వచ్చి 30 ఏళ్లు నిండిన సందర్భంగా నింటెండో ఒక చిన్న వీడియో విడుదల చేసింది. అందులో మారియోను గూర్చిన వదంతులను ఒక్కొక్కటిగా అడిగితే మియమోటో మాటలు లేకుండా సైగలతోనే జవాబులు ఇచ్చారు. మూడో ఆట మొత్తం ఒక ప్రదర్శనేనా అన్న ప్రశ్నకు అవునని తల ఊపారు. ఆట పుట్టిన 27 ఏళ్లకు వచ్చిన ఈ జవాబుతో అభిమానులు విజయం సాధించామని పండుగ చేసుకున్నారు. మా విద్యార్థులు కూడా దీనినే చివరి ప్రమాణంగా చూపించి, ఇక చర్చ అనవసరమన్నారు.

మేము దీనితో ఏకీభవించలేదు. మరలు 1988లోనే బిగించి ఉన్నాయి. నీడ 1988లోనే ఆకాశం మీద పడింది. వాటిని చూసి ఇది రంగస్థలమని గుర్తించినవారు 2015కు ముందు తప్పు చదివి, ఆ తరువాత ఒప్పు చదివినట్లు కాదు. తల ఊపడం వారి చదువుకు వచ్చిన సంతోషకరమైన సాక్ష్యం, అంతే. ఒకవేళ మియమోటో అడ్డంగా తల ఊపి ఉంటే? తెరా, మరలూ అప్పటికీ అక్కడే ఉండేవి. వాటికి ఇంతకంటె మెరుగైన వివరణ ఎవరైనా చూపేదాకా మేము ఈ వాదాన్నే అంటిపెట్టుకొని ఉండేవారం. అలాగే, ఇటుకల వాదానికి కర్త అవునని తల ఊపినా, ఆ ఆటలోని హాస్యానికి అది ఎలా పొసగుతుందో చూపవలసిన బరువు ఆ వాదం మీద ఉండనే ఉంటుంది. పైగా ఆయన జవాబు చెప్పింది ఒక చిన్న ప్రశ్నకు. ఎలాంటి నాటకం, ఎవరి కోసం అన్నవి ఆయనను ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ ఖాళీని మన ఊహలతో నింపి, దానిని కూడా ఆయన ఒప్పుకున్న ఖాతాలో వేయడం న్యాయం కాదు.

అంతా నాటకమైతే

మరొక అభ్యంతరం ఉన్నది. అంతా నాటకమే అయితే ఆటగాడు పడిన శ్రమకు విలువేమిటని. అమెరికాలో 1988లో వచ్చిన రెండో ఆట చివర, జరిగినదంతా మారియో కల అని తేలుతుంది. అది చూసి నిరుత్సాహపడినవారు ఉండవచ్చు. కల అంటే జరగనిది. నాటకం అలాంటిది కాదు. అది నిజంగా జరుగుతుంది, నిజమైన చెమటతో జరుగుతుంది.

దీనికి మన సమీపంలోనే ఉదాహరణ ఉన్నది. తంజావూరు జిల్లా మెలట్టూరులో ఏటా నరసింహ జయంతి రోజులలో వెంకటరామశాస్త్రి రచించిన తెలుగు నాటకాలను భాగవత మేళవారు ఆడతారు. ముందు కోణంగి వస్తాడు, బాలగణపతి వేషం వస్తుంది, తెర పట్టుకుంటారు. హిరణ్యకశిపుడి వేషం వేసినది ఎవరో ఊరివారందరికీ తెలుసు. నరసింహుడి ముఖం ఒక కరాళమని, దాని వెనుక మనిషి ఉన్నాడని తెలుసు. అయినా స్తంభం పగిలే ఘట్టం వచ్చేసరికి భక్తి తగ్గదు, భయం తగ్గదు. నాటకమని తెలియడం రసానికి అడ్డు కాదు. చాలాసార్లు అదే రసానికి వాకిలి.

మెలట్టూరును గూర్చి మరొక మాట చెప్పి ముగిస్తాము. అక్కడి ప్రేక్షకులలో తెలుగు మాట్లాడనివారే ఎక్కువ. వారికి నాటకం ఉన్నది గాని దాని మాటల అర్థం చెప్పే పుస్తకం చేతిలో లేదు. మన దేశంలో 1990లలో మారియోను ఆడిన పిల్లల పరిస్థితి కూడా కొంత ఇలాంటిదే. చాలామందికి దొరికినవి నకలు యంత్రాలు, ఒకే కాట్రిడ్జ్‌లో కుక్కిన అనేక ఆటలు. వాటితో కథ చెప్పే పుస్తకం రాలేదు. పుట్టగొడుగు ప్రజలు ఇటుకలయ్యారన్న సంగతి వారిలో చాలామందికి తెలిసే అవకాశమే లేదు. తెర మాత్రం అందరికీ కనిపించింది. నీడ అందరికీ కనిపించింది. పుస్తకం పోయినా నిలిచే అర్థం ఏదో, పుస్తకంతో పాటు పోయే అర్థం ఏదో ఈ రెండు వాదాల తేడాలో స్పష్టంగా తెలుస్తున్నది.

మా తరగతిలో కూర్చునేవారిలో అనేకులు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో వేరే లిపి నేర్చుకున్నవారు. అమ్మమ్మల పాటలు చెవికి తెలుసు, వాటి పుస్తకం చేతిలో లేదు. అందుచేత తెలుగు కృతికి అర్థం చెప్పవలసి వచ్చినప్పుడు వారు వెనుకంజ వేస్తారు. అసలైనవారెవరో తల ఊపితే గాని తాము చెప్పినది చెల్లదని అనుకుంటారు. ఒక జపాను ఆట ముందు మాత్రం వారు అలా వెనుకాడలేదు. ప్రతి మరనూ చూశారు, ప్రతి నీడనూ లెక్కపెట్టారు, చూసినదాని నుంచి వాదం నిర్మించారు. అదే చూపును తాము విన్న పాట మీదా, తమ ఊరి ఆట మీదా నిలపమని మేము వారిని కోరుతున్నాము. ఎవరి అనుమతీ అవసరం లేదు. ఆధారం మాత్రం కావాలి.